వాసన లేని క్రీము

ఏ క్రీమైనా కొనేముందు మూత తీసి వాసన చూడటం మా ఇంటి ఆడవాళ్ళ అలవాటు. కరీంనగర్‌లో మా అమ్మ అలాగే కొనేది, నేనూ అలాగే నేర్చుకున్నాను. కమ్మటి వాసన వస్తే మంచి సరుకు, రాకపోతే కల్తీదో పాతదో. జర్మనీ వచ్చి ఎష్‌బోర్న్‌లో కాపురం పెట్టినా ఆ పద్ధతి మారలేదు. కరోనా వచ్చి ముక్కుకు మాస్కు కట్టించాక గానీ మారలేదు.

మొదటి లాక్‌డౌన్ అయ్యాక పిల్లల్ని పగలంతా చూసుకునే కీటాలు మళ్ళీ తెరిచారు. మా పాపకు అప్పుడు నాలుగేళ్ళు. గడప దాటితే చేతులు కడగాలి, తినేముందు కడగాలి, తిన్నాక కడగాలి, తోటలోంచి వస్తే కడగాలి, తుమ్మినా దగ్గినా కడగాలి. రోగం అలాంటిది, ఎవరిని ఏమనగలం? చలి మొదలయ్యేసరికి పిల్ల వేళ్ళు ఎర్రగా పొంగి, కణుపుల దగ్గర పగిలి నెత్తురు రావడం మొదలైంది. అన్నంలో చారు పోస్తే చెయ్యి పెట్టేది కాదు. ‘ఎస్ బ్రెంట్’ అని ఏడ్చేది. మండుతోందని దాని జర్మన్ మాట.

చర్మ డాక్టరు టెర్మిన్ కోసం, అంటే అపాయింట్‌మెంటు కోసం, ఫోన్ చేస్తే వేసవిలో రమ్మన్నారు. అప్పటిదాకా ఆ చేతులు ఏం కావాలి? పిల్లల డాక్టరమ్మ ఫోటోలు చూసి ఫోన్‌లోనే మాట్లాడింది. మంట చల్లారడానికి కొన్నాళ్ళు పూయమని ఒక ఆయింట్‌మెంటు రాసిచ్చి, దీంతోనే అయిపోదు అంది. చేతికి పడనిదేదో రోజూ తగులుతోంది, సబ్బో, క్రీమో, అదేదో కనిపెట్టి ఆపకపోతే మందు మానగానే మళ్ళీ మొదలవుతుందట. ఫోన్ పెట్టేశాక నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీద మంటో నాకే తెలియదు. ఆ పడనిది ఏదో తేల్చేదాకా ఊరుకోకూడదని మాత్రం గట్టిగా అనుకున్నాను.

అంత గట్టిగా అనుకుని చేసిన మొదటి పని చూడండి. మొక్కలతో చేసిందని లావెండర్ క్రీము తెచ్చాను. పిల్ల గోల పెట్టింది. ఇండియన్ షాపు నుంచి కొబ్బరినూనె తెచ్చాను. కొబ్బరినూనేగా అనుకున్నాను, అది మల్లెపూల వాసన కలిపిన తలనూనె అని చూసుకోలేదు. మళ్ళీ గోల. రోజుకొకటి పూసి చంపుతున్నావని మా ఆయన విసుక్కుంటే, నువ్వే ఒకటి తెచ్చి చూపించమని నేను లేచాను.

మళ్ళీ షాపుకు పోయాను. ఒక ట్యూబు చేతికి తీసుకుని అలవాటుగా మాస్కు దగ్గర పెట్టుకున్నాను. పొద్దున తిన్న ఉల్లిపాయ వాసన తప్ప ఏమీ రాలేదు. మాస్కు దించితే అక్కడ నిలబడ్డ ఉద్యోగి ఊరుకోడు. చిరాకుతో ట్యూబును వెనక్కి తిప్పాను. అన్నేళ్ళు పౌడర్లూ క్రీములూ వాడినదాన్ని, వెనకవైపు చదవడం అదే మొదలు.

ఆదివారం ఇంట్లో ఉన్న సీసాలు, డబ్బాలు, చేతులు తుడిచే తడి కాగితాలు అన్నీ తెచ్చి బల్ల మీద పేర్చాను. "ఏంది ఇది, దుకాణం పెడ్తున్నవా?" అన్నాడు మా ఆయన. పెడ్తున్నా, పిల్లను చూసుకో పో అన్నాను. ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసుకుంటూ కూర్చున్నాను. ఏది ఎక్కువ వేశారో దాని పేరు ముందు రాస్తారట, తక్కువైనవి చివరికి పోతాయట. మొదటి పేరు ఆక్వా. నీళ్ళు! చాలావాటిలో అదే. తర్వాత గ్లిజరిన్. చలికాలంలో కాళ్ళు పగిలితే అమ్మ పూసిన గ్లిజరిన్ ఇక్కడా కనిపిస్తే చుట్టం కనిపించినంత సంబరమైంది. పాంథెనాల్ అంటే భయపడ్డాను, చూస్తే అది పాపం చర్మానికి చలవ చేసేదే. వరస చివర్లో మాత్రం దాదాపు అన్నిటి మీదా ఒకటే పేరు, పర్‌ఫ్యూమ్. అందులో ఏమేం కలిపారో చెప్పరు. కొన్నిటిలో దాని పక్కనే లిమొనీన్, లినలూల్. నిమ్మతొక్కలోనూ లావెండర్‌లోనూ పుట్టే వాసనలే అవి. మొక్క నుంచి వచ్చిందా, ఫ్యాక్టరీ నుంచి వచ్చిందా అని చర్మం కులగోత్రాలు అడగదు. పడకపోతే పడదు, అంతే. చివర్లో ఉంది కదా, రవ్వంతేగా అని వదిలేయడానికీ లేదు. పప్పులో ఇంగువ ఎంత వేస్తాం? ఇల్లంతా తెలియడం లేదా?

వాసన లేనిది ఒక్కటి దొరికింది. అందులో రెండో పేరు యూరియా. వీడియో కాల్‌లో ఆ సంగతి చెబితే అమ్మ నోరు నొక్కుకుంది.

"యూరియా మడ్లల్ల చల్లుతరే బిడ్డా. పసిపిల్ల చేతులకు పెడ్తవా? తెల్వి ఉన్నదా నీకు?"

నాకు నవ్వు ఆగలేదు. యూరియా మన చర్మంలోనే ఉంటుందనీ, తడి పోకుండా పట్టి ఉంచుతుందనీ అప్పుడే చదివినదాన్ని కదా, పెద్ద పంతులమ్మలా పాఠం చెప్పాను. అయినా ముందు నా చేతి పగులు మీద పూసుకున్నాను. చురుక్కుమంది. బిరుసెక్కిన మడమలకైతే బంగారమేగానీ, పగిలిన చోట అది మంట పెడుతుంది. అమ్మ చెప్పిన కారణం తప్పు, వద్దన్న మాట మాత్రం ఒప్పు. అప్పటి నుంచి ఏది తెచ్చినా ముందు నా చేతికి, తర్వాత పిల్ల మోచేతి మడతలో కాస్త పూసి, కొన్నాళ్ళు ఆగి చూసేదాన్ని. ఒకటి తేలకుండా రెండోది ముట్టుకోలేదు.

చివరికి ఏ వాసనా లేని ఒక క్రీమూ, చేతులు కడిగే ద్రవమూ నిలిచాయి. శని, ఆదివారాల్లో పుండ్లు మానేవి. శుక్రవారం వచ్చేసరికి మళ్ళీ నెత్తురు. ఇంకేముంది, దొంగ కీటాలో ఉన్నాడు. పాపను అడిగితే అక్కడి సబ్బు గులాబీ రంగులో ఉంటుందనీ, స్ట్రాబెర్రీ వాసన వస్తుందనీ మురిసిపోతూ చెప్పింది.

తల్లిదండ్రులు లోపలికి రాకూడని రోజులు. గుమ్మం దగ్గర మాస్కుతో, గ్లవ్స్‌తో నిలబడి పిల్లల్ని తీసుకునే టీచరుకు మా చేతులు కడిగే ద్రవం సీసా ఇచ్చాను. ఇంటి నుంచి ఏదీ తీసుకోకూడదు, శుభ్రత నియమం అంది. దారి పొడవునా వల్లించుకున్న జర్మన్ వాక్యాలన్నీ అప్పజెప్పాను. కుదరదంది. మీ సబ్బు ఒకసారి తెచ్చి చూపించమన్నాను. తెచ్చింది. వెనక్కి తిప్పి పర్‌ఫ్యూమ్ అన్న మాట మీద వేలు పెట్టి, సోమవారం మానిన చేతులు శుక్రవారానికి ఎందుకు చీలుతున్నాయో చెప్పాను. నా వెనక వరసలో ఉన్నవాళ్ళు తొందరపెడుతూ దగ్గుతున్నారు. దగ్గనీ అనుకున్నాను. రేపూ వస్తాను, ఎల్లుండీ వస్తాను అని చెప్పి మరీ వచ్చాను. అన్నట్టే రోజూ పోయి మళ్ళీ అదే అడిగాను. ఆమె కళ్ళల్లో నా మీద విసుగు స్పష్టంగా కనిపించేది. నాకూ ఆమెను చూస్తే పళ్ళు నూరుకోవాలనిపించేది. డాక్టరమ్మ కాగితం రాసిచ్చాక, సీలు తీయని కొత్త సీసా అయితే పెట్టుకుంటామన్నారు.

ఆ చలికాలం పోయేలోగా పాప చేతులు మానాయి.

ఒక సాయంత్రం పాపను తీసుకుని కదులుతుంటే టీచరు నన్ను ఆగమంది. ఇంకో నియమం తెచ్చిందనుకుని జవాబుకు సిద్ధమయ్యాను. ఆమె గ్లవ్స్ తీసింది. వేళ్ళ సందుల్లో చర్మం లేచిపోయి, కణుపులన్నీ చీలి ఉన్నాయి. నా బిడ్డ చేతులు ఎప్పుడూ అంత పాడవలేదు. పిల్లల చేతులు కడిగించిన ప్రతిసారీ తన చేతులూ కడుక్కుంది మరి. మీరు వాడేది ఏమిటో నాకు చెబుతారా అని మెల్లగా అడిగింది. ఇన్నాళ్ళూ ఈ మనిషినా తిట్టుకున్నాను అనుకుంటూ, మా క్రీము కోసం పాప సంచి వైపు చెయ్యి చాపాను.

పాప ఆలస్యం చేయలేదు. సంచిలోంచి ట్యూబు తీసి, "దాస్ బ్రెంట్ నిష్ట్" అంది. ఇది మండదు అని. టీచరు మోకాళ్ళ మీద కూర్చుని చేతులు చాపింది. పాప ఒక్కొక్క వేలికీ క్రీము పూస్తూ, పగుళ్ళ మీద ఉఫ్ ఉఫ్ అని ఊదింది. కరోనా రోజుల్లో అలా ఊదకూడదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం వద్దనలేదు.