కంప్యూటర్‌లో వెనక్కి నడిచేవాళ్లు లేరు

ప్రయోగశాలలో అందరూ ఆయన్ని మసి బాబాయ్ అంటారు. ముప్పయ్యేళ్లుగా గదులు కట్టడం, కాల్చడం ఆయన పని. రేకుల షెడ్డులో గోడలు నిలబెట్టి, పాత సోఫా, పరుపు సర్ది, వేడి కొలిచే తీగలు వేలాడదీసి నిప్పంటిస్తాడు. అంతకుముందు సోఫాలో పిల్లి ఏదైనా దూరిందేమోనని తట్టి చూసి, దేవుణ్ణి తలుచుకుంటాడు. పొగ ఎన్ని సెకన్లకు తలుపు ఎత్తుకు దిగిందో ఆయన చెప్పే అంకెలే ఇంజినీరు కంప్యూటర్‌కు మేత. "ఇవాళ ఎవరి కొంప కాల్చొచ్చారు?" అని ఇంట్లో భార్య రోజూ ఎగతాళి.

ఈసారి కంప్యూటర్‌కెక్కింది ఆయన భార్య ఆయాగా పనిచేసే వృద్ధాశ్రమమే. మూడంతస్తులకూ ఒకటే మెట్లదారి. రెండోది కట్టాలా, అక్కర్లేదా అన్నది ఇంజినీరు నివేదికే తేల్చాలి.

పొగ మెట్లను మూసేయడానికి నాలుగు నిమిషాలు పడుతుందనీ, అందరూ మూడున్నరలో దిగిపోతారనీ కంప్యూటర్ లెక్క. సరిచూద్దామని ఒక ఉదయం నిప్పంటుకున్నట్టే ప్రమాద గంట మోగించారు. బాబాయ్ గడియారం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఆయా ఇద్దరు ముసలివాళ్లను దించి, తలలు లెక్కపెట్టుకుని, "అయ్యో, టీచరమ్మ!" అంటూ మళ్లీ పైకి పరుగెత్తింది. టీచరమ్మకు తొంభై దాటాయి, చెవుడు. చెప్పులు లేనిదే మెట్టు దిగదు. చెప్పులు తొడిగి, చెయ్యి పట్టుకుని ఆమెను దించేసరికి ఆరు నిమిషాలైంది.

"ఆరు, సార్," అన్నాడు బాబాయ్.

"మా పిన్ని లెక్కంతా చెడగొట్టింది బాబాయ్," అని ఇంజినీరు నవ్వాడు. "మోడల్లో మనుషులు తలుపు వైపే నడుస్తారు. వెనక్కి వెళ్లేవాళ్లుండరు."

"ఇప్పుడే చూశాంగా సార్! నిప్పు సంగతి దానికి అంతా నేర్పాం. మనుషుల సంగతీ కాస్త నేర్పండి."

"అలాగైతే మొదటినుంచీ రాయాలి. సోమవారానికి నివేదిక ఇవ్వాలి, తెలుసుగా."

ఇంజినీరు చెడ్డవాడేం కాదు. బాబాయ్‌కి దగ్గు ముదిరినప్పుడు తన కారులో ఆసుపత్రికి తీసుకెళ్లి, మధ్యాహ్నం దాకా పక్కనే కూర్చున్నవాడు. అయినా పరీక్ష కాగితం మీద ఒక్క వాక్యం రాశాడు: "సిబ్బందిలో ఒకరు సూచనలు పాటించక వెనక్కి వెళ్లినందున ఈ ఆరు నిమిషాలను లెక్కలోకి తీసుకోలేదు."

ఆ వాక్యమే మర్నాడు మెమో అయి ఆయా చేతికొచ్చింది. ఇంకోసారి ఇలా చేస్తే పనిలోంచి తీసేస్తారట.

"ఇవాళ మన కొంపకే నిప్పంటించానే," అన్నాడు బాబాయ్, మెమో చదివి వినిపించి. "ఆరని చెప్పింది నేనే."

"మీరు ఉన్నదే చెప్పారు. మరి నేను చేసిన తప్పేంటండీ?"

ఆయన మెమోను మళ్లీ మొదటినుంచీ చదివాడు.

శనివారం మళ్లీ గంట మోగింది. ఈసారి టీచరమ్మను పరీక్షలోనే చేర్చలేదు, ఆమె నడక లెక్కకు పనికిరాదన్నారు. ఆయా ఇద్దరినీ దించింది. మెట్ల మొదట్లో ఒక్క క్షణం ఆగి పైకి చూసింది. తల దించుకుని వచ్చి వరుసలో నిలబడింది.

"మూడు నిమిషాల ఇరవై ఎనిమిది," అన్నాడు బాబాయ్, ఎవరి వైపూ చూడకుండా.

"అచ్చు కంప్యూటర్ చెప్పినట్టే!" అని ఇంజినీరు ఆయన భుజం తట్టాడు. రెండో మెట్లదారి అక్కర్లేదని అక్కడే సంతకం పెట్టాడు.

అందరూ తిరిగి లోపలికి వెళ్లారు. మూడో అంతస్తు మెట్ల పైన టీచరమ్మ, అందరూ దిగడం చూసి వచ్చి, చెప్పులు చేత్తో పట్టుకుని, గోడకానుకుని నిలబడి ఉంది.

"ఇవాళ నన్ను మర్చిపోయావేంటే అమ్మాయ్?" అంది, కోపమేమీ లేకుండా.

ఆయా వంగి ఆమె కాళ్లకు చెప్పులు తొడిగింది.