కిటికీలో పెట్టని గ్లాసు

మా అమ్మమ్మ పానా పట్టుకుని ఒడ్డున నిలబడితే, సముద్రం మారు మాట్లాడకుండా తియ్యగా మారిపోతుంది. చేపలు ఇబ్బంది పడతాయని ఆవిడ అటు వెళ్లడం లేదంతే.

నమ్మకపోతే మా వీధిలో ఏ స్నానాల గదికైనా వెళ్లి సబ్బు రుద్దుకుని చూడండి. ఒకప్పుడు ఇక్కడి బోరు నీళ్లతో సబ్బు సగం అరిగినా నురగ వచ్చేది కాదు. బకెట్లకి తెల్లగా పెచ్చులు కట్టేవి, షవరు చిల్లులు పూడిపోయేవి, తలంటుకుంటే జుట్టు పీచులా నిలబడేది. ఇప్పుడు ప్రతి డాబా మీదా మా అమ్మమ్మ బిగించిన సాఫ్ట్‌నర్ ఉంది. ఛాతీ ఎత్తు సిలిండరు, దాని నిండా గసగసాల్లాంటి గింజలు. నీళ్లలోని సున్నాన్ని ఆ గింజలు పట్టేసుకుంటాయి. పక్కనున్న డ్రమ్ములోని ఉప్పునీళ్లతో అప్పుడప్పుడూ కడిగితే మళ్లీ పనికొస్తాయి. ఇంతకంటే వివరంగా చెప్పడానికి నాకు చదువు అబ్బలేదు, అమ్మమ్మకి ఓపిక లేదు.

తాతయ్యకి గొట్టాల కొట్టు ఉండేది. ఆయన పంపిన మనుషులు బిగిస్తే చెమ్మ, బాగుచేస్తే వరద అన్నట్టు ఉండేదట. చూసి చూసి విసిగిపోయి ఆవిడే కొంగు బిగించి పానా అందుకుంది. మొట్టమొదటి సాఫ్ట్‌నర్ మా ఇంట్లోనే పెట్టింది. లోపలి జల్లెడ సరిగ్గా కూర్చోలేదు. మర్నాడు తాతయ్య గడ్డం గీసుకుంటుంటే కొళాయిలోంచి గింజలు జలజలా వచ్చి నురగలో ఇరుక్కున్నాయి. ఆయన ఆ గడ్డంతోనే కొట్టుకెళ్లి, వచ్చినవాళ్లందరికీ చూపించి, "మా ఆవిడ నాటింది, ఇంకా మొలకెత్తలేదు" అని చెప్పాడట. ఆవిడ చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు. కానీ ఆ తర్వాత ఆవిడ పెట్టిన ఏ సిలిండరులోంచీ ఒక్క గింజ బయటికి రాలేదు.

ఇప్పుడు కొట్టు మావయ్య చూసుకుంటున్నాడు. అమ్మమ్మకి డెబ్బై దాటాయి. మెట్ల దగ్గర మోకాళ్లు మొరాయిస్తాయి, నోరు మాత్రం ఎక్కడా మొరాయించదు. కొత్త ఇంటికి వెళ్తే రెండు పరీక్షలు చేస్తుంది. సీసాలో నీళ్లూ సబ్బూ వేసి గిలకొట్టి నురగ చూడటం ఒకటి. గాజు గ్లాసులో బోరు నీళ్లు పట్టి కిటికీలో ఒక పూట వదిలేయడం రెండోది. ఇనుమున్న నీళ్లు తోడగానే తేటగానే ఉంటాయి, గాలి తగిలాక పసుపు తిరుగుతాయి. "బోరు నీళ్లయినా కొత్తల్లుడైనా, మొదటి పూట చూసి మురిసిపోకూడదు" అంటుంది, మా నాన్నకి వినబడేలా.

మా వీధి చివర లాండ్రీ పిన్ని ఉంటుంది. నాకు చుట్టమేం కాదు, వీధిలో అందరికీ పిన్నే. ఇంటి వెనక వరండాలో రెండు మిషన్లు పెట్టుకుని ఒక ఆసుపత్రి దుప్పట్లు ఉతుకుతుంది. ఇల్లు గడిచేదంతా ఆ పని మీదే. బోరు నీళ్లకి దుప్పట్లు బూడిదరంగుకి తిరుగుతున్నాయని అమ్మమ్మని పిలిచింది. అమ్మమ్మ సీసా గిలకొడుతుంటే, నువ్వు చెయ్యి పెట్టాక ఇంక తిరుగేముంది పెద్దమ్మా అని పిన్ని పొగడటం మొదలుపెట్టింది. పొగిడితే ఉబ్బనివాళ్లు ఎక్కడైనా ఉంటారేమో, మా ఇంట్లో లేరు. గ్లాసు సంగతి గాలికొదిలేసి, ఆ రోజే సాఫ్ట్‌నర్ బిగించి, తల ఎగరేసుకుంటూ వచ్చింది.

కొన్నాళ్లకి ఒక పొద్దున పిన్ని చంకలో దుప్పటితో మా కొట్టుకి వచ్చింది. అమ్మమ్మా మావయ్యా నేనూ కాక, కొళాయిలు కొనడానికి వచ్చినవాళ్లు ఇద్దరు ఉన్నారు. దుప్పటి నిండా టీ ఒలికినట్టు మరకలు. రేపటి మూట కూడా ఇలాగే వస్తే పని ఇంకొకరికి ఇచ్చేస్తామని ఆసుపత్రివాళ్లు చెప్పారట. అది చెబుతూ కూడా పిన్ని అమ్మమ్మని ఒక్క మాట అనలేదు. తనకే ఉతకడం చేతకాలేదేమో అంది. మావయ్యకి సందు దొరికింది, సబ్బు మార్చి చూడమన్నాడు.

అమ్మమ్మ దుప్పటిని వెలుతురులోకి పట్టి చూసింది. ఆవిడకి అన్ని విద్యలూ వచ్చు గానీ నీళ్లు నమలడం రాదు.

"సబ్బుది కాదురా, తప్పు నాది" అంది, వచ్చినవాళ్ల ముందే. "నీళ్లలో ఇనుముంది. గ్లాసు పెట్టి చూడకుండా బిగించేశాను. అమ్మాయ్, నువ్వు సరిగ్గానే ఉతికావు."

మావయ్య మొహం మాడిపోయింది. ఇనుముంటే సాఫ్ట్‌నర్‌కి ముందు ఇంకో ఫిల్టరు ఉండాలి, అది కొట్టులో లేదు, తెప్పించాలంటే వారం పడుతుందని గొణిగాడు.

"మనింట్లో ఉందిగా" అంది అమ్మమ్మ.

వీధి మొత్తం మీద ఆ జబ్బు మా బోరుకొక్కదానికే ఉందని అప్పటిదాకా అనుకున్నాం. నేను ఇంటికొచ్చి తలకి షాంపూ పట్టించానో లేదో, నీళ్లు ఆగిపోయాయి. తువ్వాలు చుట్టుకుని డాబా ఎక్కి చూస్తే, మావయ్య మా ఫిల్టరు ఊడదీస్తున్నాడు.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అని సణిగాడు.

"తొక్కాను కాబట్టే కడుగుతున్నా. అటు పట్టు" అంది అమ్మమ్మ.

పిన్ని ఇంట్లో ఫిల్టరు బిగించి, తుప్పు పట్టిన గింజలు తీసి కొత్తవి పోసి, ఈసారి గ్లాసు కిటికీలో పెట్టింది. నీళ్ల సంగతి తేలేదాకా మిషన్లు తిప్పనివ్వలేదు. మూట అలాగే ఉంది, పొద్దు వాలుతోంది. పిన్ని గుమ్మానికీ కిటికీకీ మధ్య తిరుగుతూనే ఉంది. అమ్మమ్మ బోర్లించిన బకెట్ మీద కూర్చుని, పరీక్ష రాసే పిల్లలా ఆ గ్లాసునే చూసింది. నీళ్లు తేటగానే ఉండిపోయాయి. అప్పుడు తిప్పారు మిషన్లు. మొదటి దుప్పటి తీగ మీదకెక్కాక పిన్ని దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, అమ్మమ్మ చెయ్యి పట్టుకుంది. ఎండిన షాంపూ తలతో వీధిలో నిలబడి, వచ్చేపోయేవాళ్లందరికీ ఆవిడ మా అమ్మమ్మ అని చెప్పుకున్నాను. వాళ్లకి ముందే తెలుసు, అయినా చెప్పాను.

ఆసుపత్రివాళ్లు పిన్నికి ఇప్పుడు ఇంకా పెద్ద మూటలు పంపుతున్నారు. ఆ పొద్దున కొట్టులో ఉన్న ఇద్దరిలో ఒకాయన తన ఇంటి నీళ్లు కూడా చూడమని అమ్మమ్మనే పిలిచాడు. తప్పు ఒప్పుకుంటే బేరం ఎలా వచ్చిందో మావయ్యకి ఇప్పటికీ అంతు చిక్కలేదు.

మాకు రావాల్సిన కొత్త ఫిల్టరు మాత్రం ఇంకా రాలేదు. నా తెల్ల చొక్కాలన్నీ బిస్కెట్టు రంగుకి తిరిగాయి. నిన్న ధైర్యం చేసి అడిగాను, పిన్ని గండం గట్టెక్కిందిగా, మన ఫిల్టరు తెచ్చేసుకుందామా అని.

అమ్మమ్మ తల కూడా ఎత్తలేదు.

"నువ్వేమన్నా ఆసుపత్రి నడుపుతున్నావా? నల్ల చొక్కాలు తొడుక్కో."