కళ్ళజోడు డబ్బాలో మొదటి స్లైడు

మా పెద్దమ్మను ల్యాబులో అందరూ నూకలమ్మ అంటారు. ఎముకలోంచి సూదితో లాగిన మజ్జను గాజుపళ్ళెంలో పోసి వంచుతుంది. నెత్తురు జారిపోయాక మిగిలే తెల్లటి నూకల్ని ఏరి స్లైడు మీద పరుస్తుంది. నూకలు లేకపోతే అది మజ్జ కాదు, ఉత్త నెత్తురే. ముప్పై ఏళ్ళుగా అదే పని. పదో తరగతిలో చదువు ఆగిపోయిన నన్ను రిపోర్టులు టైపు చేయడానికి ఆమే చేర్పించింది.

ఆ ఉదయం వచ్చిన దర్జీ అమ్మాయికి చిగుళ్ళలోంచి నెత్తురు ఆగడం లేదు. బ్లడ్ క్యాన్సరే, కానీ ఏ రకమో తేలాలి. ఒక రకానికి వేరే మాత్ర ఉంది. అదే అయితే ఆ పూటే మొదలుపెట్టాలి, లేదంటే మెదడులో నెత్తురు చిమ్మవచ్చు. రక్తం స్లైడులో చెడ్డ కణాలు నాలుగైదుకు మించి దొరకలేదు. ఇక మజ్జే చెప్పాలి.

మా డాక్టరు కుర్రాడు. వార్డులో పెద్దమ్మ పరిచిన స్లైడులున్న ట్రేలోనే, ఎముక ముక్క వేసిన ఫార్మలిన్ సీసా కూడా పెట్టి తీసుకొచ్చాడు. మూత వంకరగా ఉంది. నేను చూశాను. చెప్పబోయి ఊరుకున్నాను.

రంగు వేశాక ఆరు స్లైడులూ పాచినీళ్ళలా ఆకుపచ్చగా తేలాయి.

"రంగు పాడైందా నూకలమ్మగారూ?"

"రంగు బంగారంలా ఉంది. మీ సీసా మూత చూసుకోండి. ఆ ఆవిరి తగిలితే ఇంతే."

అతని మొహం పాలిపోయింది. "మళ్ళీ సూది గుచ్చాలా?"

"ఇందాకటి గాయమే ఇంకా కారుతోంది బాబూ!"

పెద్దమ్మ చేతిసంచిలోంచి కళ్ళజోడు డబ్బా తీసింది. అందులో ఇంకో స్లైడు ఉంది.

"ఇదెప్పుడు దాచారు?"

"మజ్జ తీసిన వెంటనే. మొదటిది ఎప్పుడూ నాదే."

ఉద్యోగంలో చేరిన కొత్తలో మూత మరిచింది ఆమేనట. ఒక పసివాడికి మళ్ళీ సూది పడేసరికి రెండు రోజులు గడిచిపోయాయి. "తర్వాత?" అని ఒకసారి నేను అడిగితే, "ఆ కిటికీ వెయ్యవే" అంది. ఆ పొరపాటు జరిగిన వారమే డబ్బా కొంది. కళ్ళజోడు పదేళ్ళ తర్వాత వచ్చింది.

రంగు పట్టడానికి ఇరవై నిమిషాలు. తొందరపెడితే మచ్చలు పడతాయి. వార్డు నుంచి రెండుసార్లు ఫోను మోగింది. పెద్దమ్మ గడియారం వైపే చూస్తూ నిలబడింది.

డాక్టరు మైక్రోస్కోపు మీదికి వంగాడు. స్లైడును ఈ చివర నుంచి ఆ చివరకు జరిపాడు.

"పుల్లలు," అన్నాడు చివరికి. "ఒక్కో కణంలో కట్టెలమోపులా!"

"ముందు లెక్కపెట్టండి. సంబరం తర్వాత."

లెక్క ముగిసింది. ఆ పుల్లలే గుర్తు, మాత్ర ఉన్న రకమే. వార్డుకు ఫోను చేసి చెప్పాను. పదకొండున్నరకు మొదటి మాత్ర పడింది.

"ఆ పిల్లకి ఇంకా నూకలున్నాయన్నమాట," అన్నాడు డాక్టరు.

"అప్పుడే అనకండి. మందు పనిచెయ్యనివ్వండి. ముందు ఆ మూత బిగించండి."

బిగించి, మళ్ళీ తడిమి చూసి అడిగాడు: "ఆ డబ్బా ఎక్కడ కొన్నారు?"

ఇంటికి వెళ్తూ మూత సంగతి నేను చూశానని ఒప్పుకున్నాను.

"తెలుసు. స్లైడులు పచ్చగా తేలినప్పుడే నీ మొహం చూశాను," అంది పెద్దమ్మ. "ఈసారి అరిచి చెప్పు. ఎవరేమనుకుంటే నీకేంటే?"