ఐలవ్వ చెప్పిన ముగింపు

కోరుట్ల పద్మశాలీల వాడలో బీడీలు చేసే ఆడవాళ్లంతా ఐలవ్వ అరుగు మీదే కూర్చునేవాళ్లు. అరుగు పెద్దదని కాదు, ఐలవ్వ మాటల కోసం. ఒడిలో చాట పెట్టుకుని, తునికాకులో తంబాకు చుట్టి దారం కడుతూ, రజాకార్లకు భయపడి వాడంతా జొన్నచేలలో దాక్కున్న సంగతి ఒకనాడు చెప్పేది, మేనత్తకు దయ్యం పట్టిన సంగతి ఇంకోనాడు చెప్పేది. ఎన్నిసార్లు విన్నా మళ్లీ అడిగేవాళ్లు. భర్త హనుమండ్లు మగ్గం దిగితే నిద్రపోయే మనిషి. ఇంట్లో వినేవాళ్లు లేని కొరత ఆమెకు అరుగు మీద తీరేది.

ఆంధ్రప్రదేశ్ వచ్చిన అయిదారేళ్లకు ఎదురింటికి బాలలక్ష్మి కోడలిగా వచ్చింది. హుస్నాబాద్ పిల్ల, అయిదో తరగతి చదివింది. ఆ వాడలో బడికి పోయిన కొద్దిమంది మగవాళ్లకు కూడా ఉర్దూ తప్ప తెలుగు అక్షరం రాదు. ఒకరోజు ఆ పిల్ల గ్రంథాలయం నుంచి అట్ట ఊడిన పాత నవల తెప్పించుకుని అరుగెక్కింది.

"సదవాల్నా?" అని నెమ్మదిగా అడిగింది.

నవలలో ఒక దొరగడి, కోటలాంటి ఇల్లు. దొర పెద్దన్న ఏళ్ల కిందట మాయమయ్యాడు. ఆ అన్న భార్య బావిలో పడి చచ్చిపోయిందని ఊరంతా అనుకుంటుంది. ఇప్పుడు గడిలోకి ఒక మూగ వంటామె వస్తుంది. పెరట్లో పూడ్చేసిన ధాన్యపు పాతర దగ్గరికి ఎవరినీ పోనివ్వని దొరను ఆమె కళ్లు వదలవు.

రెండు అధ్యాయాలు అయ్యేసరికి అరుగు మీద దగ్గు కూడా వినపడలేదు. పిల్ల చేతులు పుస్తకానికే సరిపోతున్నాయని, ఆమె వంతు బీడీలు తలా కొన్ని చేసిపెట్టారు. ఐలవ్వకు అక్కడ గుచ్చుకుంది. ఇన్నేళ్లుగా తను గొంతు చించుకుంటే ఒక్కరైనా ఒక్క బీడీ చుట్టి ఇచ్చిన పాపాన పోలేదు. బాలలక్ష్మి గొంతు బాగుందని పక్కన కూర్చున్న పోశవ్వ అంటే, పిట్ట గొంతులా ఉందనిపించింది. మంచినీళ్ల చెంబు ముందుగా ఆ పిల్లకే అందుతుంటే ముఖం తిప్పుకుంది. నాలుగు రోజులు ఆమె నోరు విప్పలేదు. ఎవరూ అది గమనించకపోవడం ఇంకా మండించింది.

అయిదోనాడు గ్రంథాలయానికి పోయింది. అక్కడ పుస్తకాలిచ్చే లచ్చయ్య ఆమెకు వరసకు తమ్ముడు.

"తమ్మీ, గా అట్ట లేని బుక్కుల వంటామె ఎవలురా?"

"దొర వదినె అక్కా. మొగని శవం పాతరల ఉన్నదని ఆమెకు ముందే తెలుసు. ఆఖరుకు పాలల్ల విషం గలిపి, మళ్ల మనసొప్పక పారబోస్తది. దొరను పోలీసులకు పట్టిస్తది."

మర్నాడు బాలలక్ష్మి పుస్తకం తెరవగానే ఐలవ్వ ఆకు కత్తిరిస్తూ అంది: "గింత దానికి రోజులకు రోజులెందుకు? గా వంటామె దొర వదినెనే. ఆమె మొగడు పాతరల ఉన్నడు."

బాలలక్ష్మి ముఖం వాడిపోయింది. ఐలవ్వ ప్రాణం చల్లబడింది. కానీ పోశవ్వ గుండెలు బాదుకుంది.

"అవ్వో! మరి సొంత వదినెను గా ముండకొడుకు గుర్తు పడ్తలేడా? పిల్లా, జల్ది సదువు!"

ఆ రోజు చీకటి పడేదాకా ఎవరూ లేవలేదు.

చివరి అధ్యాయాలు మిగిలుండగానే బాలలక్ష్మికి నెలలు నిండి, కాన్పుకు తల్లిగారింటికి పోయింది. పుస్తకం గ్రంథాలయం చేరింది. ఆడవాళ్లకు చేతులాడలేదు.

"ఐలక్కా, నీకెర్కే గద! నువ్వే చెప్పరాదూ," అని వాళ్లలో రామవ్వ బతిమాలింది.

ఐలవ్వ బెట్టు చేయలేదు. మొదలుపెట్టాక లచ్చయ్య చెప్పిన ముగింపు ఆమె నోట పలకనేలేదు. ఆమె కథలో వంటామె పాలు పారబోయలేదు. దొర గటగటా తాగాడు. గొంతు పట్టుకుని నీళ్లకోసం సైగ చేస్తుంటే, మూగదనుకున్న మనిషి మొదటిసారి నోరు తెరిచింది.

"నన్ను గుర్తు పడ్తివా మరిదీ?"

ఆ మాటకు పోశవ్వ ఏడ్చేసింది. ఆ వారమంతా తన వంతు బీడీలు ఎవరెవరు చేశారో ఐలవ్వకు ఇప్పటికీ గుర్తే.

చంటిదాన్ని ఎత్తుకుని తిరిగొచ్చిన బాలలక్ష్మి, అదే పుస్తకం మళ్లీ తెప్పించి ఆఖరి అధ్యాయం చదివింది. పాలు పారబోసే చోటికి వచ్చేసరికి రామవ్వ అడ్డుకుంది.

"గట్ల కాదు పిల్లా. దొర తాగి సచ్చిండు."

"బుక్కుల గిట్లనే ఉన్నది అత్తమ్మా."

"రాసినోనికి సరిగ్గ తెల్వదేమో. ఐలక్క చెప్పిందే నిజం."

అందరూ ఐలవ్వ వైపు జరిగారు. బాలలక్ష్మి పుస్తకం మూసి, పెదవి కొరుక్కుంటూ ఆమెను ఒక్క చూపు చూసింది. ఆ చూపు ఐలవ్వకు బాగా తెలుసు. ఆ పిల్ల చదివినన్నాళ్లూ తన కళ్లలో ఉన్నదే. కోరుకున్నది చేతికందింది కదా అని సంతోషించబోయింది గానీ, పూర్తిగా సంతోషం రాలేదు.

చేతులు చాచి చంటిదాన్ని తన ఒడిలోకి తీసుకుంది. "నువ్ సదువు. నేనింత వరకు ఆఖరు ఇననే లేదు," అంది.

బాలలక్ష్మి చివరి పేజీ దాకా చదివింది. ఐలవ్వ శ్రద్ధగా విన్నది. తన ముగింపే బాగుందని అనుకుంది, కానీ బయటికి అనలేదు.