బావమరిది రక్తం, నా ఎడమ కన్ను

నేను రెజిమెంటల్ బజార్‌లో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. పెళ్లిపత్రికలు, బడి పుస్తకాలు, అప్పుడప్పుడు ఎవరైనా సొంతంగా వేసుకునే కవితలు. ఆ పనికి రెండు కళ్లూ కావాలని కన్ను పాడయ్యేదాకా నేను ప్రత్యేకంగా అనుకోలేదు.

మొదట వచ్చింది సర్పి. నుదుటి మీద ఎడమవైపు, కనుబొమ్మ నుంచి జుట్టుదాకా నీటిపొక్కులు వరసగా లేచాయి. బన్సీలాల్‌పేట్‌లో మా పక్కింటి పెద్దావిడ వచ్చి చూసి, ఎర్రమట్టి జాజు రాయించుకోమంది. పొక్కులు తల చుట్టూ తిరిగి కలుసుకుంటే మనిషి దక్కడని కూడా చెప్పి, టీ తాగి వెళ్లింది. నేను జాజు రాయించుకున్నాను, డాక్టరు ఇచ్చిన మాత్రలూ వేసుకున్నాను. పొక్కులు మాడిపోయాయి. దేనివల్ల తగ్గిందన్న విషయంలో మా ఇంట్లో ఇప్పటికీ రెండు అభిప్రాయాలున్నాయి.

తర్వాత కన్ను ఎర్రబడింది. నొప్పి లేదు, నీరు కారడం లేదు, అందుకని పట్టించుకోలేదు. ప్రెస్సులో మాత్రం ఎడమ కంటికి అక్షరాలు నీళ్లలో మునిగినట్టు కనబడేవి. ఒక శుభలేఖలో వధువు కాస్తా 'వదువు' అయి అచ్చుకు వెళ్లిపోయింది. మా యజమాని కేకలేసే మనిషి. ఆ రోజు కేకలేయకుండా నన్ను కంటి ఆస్పత్రికి వెళ్లమన్నాడు. దాంతో నాకు భయమేసింది.

డాక్టరమ్మది చిన్న వయసు. దూదిని సన్నగా పురితిప్పి నా ఎడమ కంటి దగ్గరకు తెచ్చింది.

"తెలుస్తుందా అంకుల్?"

"ఏంది?" అన్నాను.

అదే దూదిని కుడి కంటికి తాకించింది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. కూర్చోమని, కుడి కన్ను బాగుందని చెప్పింది.

ఆమె చెప్పింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. నల్లగుడ్డు మీద గాజులాంటి పలక ఉంటుంది, దాని మీద సన్నని పొర. అది రోజూ కాస్త అరుగుతుంది. అరిగినచోటికి అంచుల నుంచి కొత్త కణాలు పాక్కుంటూ వచ్చి కప్పుతాయి. వాటిని పెరగమని చెప్పేవీ, కింద అతుక్కోవడానికి పట్టు ఇచ్చేవీ కొన్ని ప్రోటీన్లు. అవి కొంత నరాల నుంచి, కొంత కన్నీళ్ల నుంచి అందుతాయి. సర్పి నా కంటి నరాన్ని దెబ్బతీసింది. నరం పనిచేయకపోతే నొప్పి తెలియదు, కన్నీరు ఊరదు, రెప్ప సరిగా పడదు. పొర మధ్యలో ఊడిపోయి పుండు పడింది. అది మానడం మానేసింది.

ప్రోటీన్లంటే నాకు తెలిసినవి పప్పు, గుడ్లు. గుడ్లు తింటే సరిపోతుందా అని అడిగాను. తినండి మంచిదే, కానీ కంటికి చేరాలంటే దగ్గరి దారి వేరే ఉందని ఆమె చెప్పింది. మనిషి రక్తం తీసి, గడ్డకట్టనిచ్చి, మిషన్లో తిప్పితే పైన పసుపుపచ్చని నీరు తేలుతుంది. దాన్ని సీరం అంటారు. కన్నీళ్లలో ఉండాల్సిన ఆ ప్రోటీన్లు చాలావరకు అందులో ఉంటాయి. పలచన చేసి సీసాల్లో పోసి ఇస్తారు, కంట్లో చుక్కలుగా వేసుకోవాలి. మామూలుగా ఎవరి రక్తం వాళ్లకే. నా చేతిలోంచి కాస్త తీసి పరీక్ష చేశారు.

"మీకు రక్తమే తక్కువుంది అంకుల్, ఉన్నది మీకే సరిపోతలేదు. ఇంట్ల ఎవరన్న ఇస్తరా? గ్రూపు కలవాలె," అంది.

మా ఆవిడ గ్రూపు కలవలేదు. ఇంటికొచ్చాక ఆమె, మా తమ్ముడిది మీ గ్రూపే అంది. అది నాకూ తెలుసు. అతను ఏటా రక్తదానం చేసి, చెయ్యి చాపి పడుకున్న ఫోటోను గ్రూపుతో సహా వాట్సాప్ స్టేటస్‌లో పెడతాడు. నేను స్టేటస్‌లు చూడనని అందరికీ చెప్పి ఉన్నాను కాబట్టి, అలాగా అన్నాను.

మా బావమరిదికి యాప్రాల్‌లో టైల్స్ దుకాణం ఉంది. అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఇంటి పండుగనాడు గేటు ముందు పెద్ద బ్యానరు కట్టించాడు. అతని ఫోటో, భార్య ఫోటో, పైన 'గ్రహ ప్రవేశం' అని నిలువెత్తు అక్షరాలు. భోజనాలప్పుడు నా చేతికి మైకు ఇచ్చి రెండు మాటలు చెప్పమన్నారు. ప్రవేశించింది ఏ గ్రహమో బావమరిదే చెప్పాలని నేనన్నాను. జనం బాగా నవ్వారు. అతను నవ్వలేదు. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు. బ్యానరులో ఉన్నది తప్పే. ఆ మాట నేనెప్పుడూ వెనక్కి తీసుకోలేదు.

మా ఆవిడ తమ్ముడికి ఫోను చేసింది. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. మర్నాడు పొద్దున అతను ఆస్పత్రి వరండాలో ముందే వచ్చి కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. జబ్బులేవీ లేవని పరీక్షలు చేసి అతని రక్తం తీసుకున్నారు. ఇద్దరం వేరువేరు ఆటోల్లో ఇళ్లకు వెళ్లాం.

సాయంత్రం ల్యాబు నుంచి ఫోను వచ్చింది. సీరం పసుపుపచ్చగా తేలలేదట, పాలలా తెల్లగా ఉందట. కొవ్వు తేలితే అలా అవుతుందని, దాత పొద్దున ఏం తిన్నాడని అడిగారు. మా ఆవిడ తమ్ముడికి ఫోను చేసి, తిరిగొచ్చి చెప్పింది. రక్తం ఇస్తే నీరసం వస్తుందేమోనని పొద్దున్నే హోటలుకెళ్లి మేకకాళ్ల పాయా, నాలుగు నాన్‌లు తిని వచ్చాడట. ఆ సీరం పారబోశారు.

కొంత గడువిచ్చి మళ్లీ రమ్మన్నారు. ఈసారి అతను రాత్రి నుంచి ఏమీ తినలేదు. రక్తం తీసినాక గడ్డకట్టేదాకా ఉండమని, ఏమన్నా తేడా వస్తే చెబుతామని ఇద్దరినీ ఒకే బల్ల మీద కూర్చోబెట్టారు. రక్తం గడ్డకట్టడానికి చాలాసేపు పడుతుందని నాకు అప్పుడే తెలిసింది. గోడ మీద ఉన్న బోర్డులన్నీ ఒంటికంటితో చదివేశాను. వాటిలో తప్పులున్నాయి.

చివరికి అతనే మాట్లాడాడు. "పాయా సంగతి ఎవరికీ చెప్పకు బావా."

చెప్పనన్నాను.

"బ్యానర్ల తప్పు పొద్దుగాల్నే చూసిన నేను. దింపుదామంటే మనుషులు దొర్కలే. ఎవ్వరు చూడకుంటె మంచిగుండు అనుకుంట తిరిగిన దినమంత. నువ్వు మైకుల చదివినవ్."

"చదువుడు నా పని," అన్నాను.

"తెల్సు. గందుకే నువ్వు ఇంటికాడ్నే ఉంటె బాగుండనుకున్న."

అతన్ని క్యాంటీనుకు తీసుకెళ్లి ఇడ్లీ పెట్టించాను. అతను ఆవురావురుమని తిన్నాడు. నేను కుడి కన్ను తుడుచుకుని, సాంబారు ఎక్కువ ఘాటుగా ఉందన్నాను.

సీరం ఈసారి తేరుకుంది. చిన్నచిన్న సీసాలు ఐసు డబ్బాలో పెట్టి ఇచ్చారు. మా ఆవిడ ఫ్రీజరులో పచ్చిబఠాణీలు తీసేసి వాటిని పెట్టింది. వాడుతున్న సీసా మాత్రం కింద అరలో, పెరుగు గిన్నె పక్కన. మెలకువగా ఉన్నంతసేపూ గంటగంటకీ ఒక చుక్క. ఇంటికొచ్చిన చుట్టాలు అదేమిటని అడిగితే, మా తమ్ముడి రక్తం అని మా ఆవిడ చెప్పేది. కొందరు ఆ పూట పెరుగు వద్దన్నారు.

చుక్క పడిన సంగతి నాకు తెలిసేది కాదు, చెంప మీదికి కారితేనే తెలిసేది. ఒక రంగు మందు వేసి నీలం దీపం పెడితే పుండు ఆకుపచ్చగా మెరుస్తుంది. వెళ్లిన ప్రతిసారీ డాక్టరమ్మ దాని బొమ్మ గీసుకునేది. మొదట్లో బొమ్మ మారలేదు. ఇలాగే ఉంటే రెప్పలు కలిపి కొన్నాళ్లు కుట్టేయాల్సి వస్తుందని చెప్పింది. ఆ రోజు ఇంటికొచ్చి మంచమెక్కాను, అన్నానికి లేవలేదు. సాయంత్రం బావమరిది వచ్చాడు. మా ఆవిడ విషయం చెప్పింది. అతను చొక్కా చేతులు మడిచి, ఇంకా కావాలంటే తీసుకోమను అన్నాడు. మళ్లీ అప్పుడే తీయరని చెప్పాను. అయినా మడిచిన చేతులు దించకుండా చీకటిపడేదాకా నా పక్కనే కూర్చుని, టైల్స్‌లో వచ్చే రకాల గురించి చెప్పాడు. నేను అన్నీ విన్నాను.

ఆ తర్వాత వెళ్లినప్పుడు బొమ్మ చిన్నదైంది. అంచులు లోపలికి జరిగాయంది డాక్టరమ్మ. ఇంకో రెండుసార్లకు ఆకుపచ్చ ఎక్కడా మెరవలేదు. మధ్యలో మచ్చ మిగిలింది, దాంతో ఎడమ కంటికి కాస్త మసకే. నరం తిరిగి రాలేదు, వస్తుందని ఆమె మాటివ్వలేదు. రెప్ప గుర్తుపెట్టుకుని కొట్టాలి, మామూలు చుక్కలు వేసుకుంటూనే ఉండాలి, గాలి తగలనివ్వకూడదు.

ప్రెస్సుకు మళ్లీ వెళుతున్నాను, పొద్దుటి పూట మాత్రమే. ఆదివారాలు యాప్రాల్ వెళుతున్నాం. ఇన్నాళ్లూ మా ఆవిడ ఒక్కతే వెళ్లి వచ్చేది. గాలి నాకు పడదు కనుక బస్సులో కిటికీ పక్కన ఆమె కూర్చుంటుంది. లోతుకుంట దాటేదాకా బయటికి చూస్తూ కూర్చుని, మధ్యమధ్యలో నావైపు తిరిగి రెప్ప కొట్టమని చెబుతుంది. నేను కొడతాను.