చలిమేస్త్రి

క్వాంటం పరిశోధనలో దేశంలోని ల్యాబులన్నీ కలిసికట్టుగా పనిచేయాలని పెద్ద ప్రాజెక్టు పెట్టారు గానీ, అన్ని ల్యాబుల గడపా తొక్కేది ఒక్క చలిమేస్త్రే. యంత్రాలను గడ్డకట్టించే పంపులు బాగుచేస్తాడని విద్యార్థులు పెట్టిన పేరది. భుజం మీది గుడ్డతో చేతులు తుడుచుకోనిదే దేన్నీ ముట్టుకోడు. తుడుచుకున్నాక, పసిబిడ్డకు జ్వరం చూసినట్టు పంపు మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంటాడు. ఎక్కడికెళ్ళినా ప్రొఫెసర్లు గొంతు తగ్గించి ఒకటే అడుగుతారు: "అవతలివాళ్ళది ఎంత చల్లబడిందయ్యా?" "మీదానికంటే ఎక్కువేం కాదండీ," అంటాడు. వాళ్ళ ప్రాణం కుదుటపడుతుంది.

ప్రాజెక్టు తనిఖీ ఇంకో వారం ఉందనగా ఒక ప్రొఫెసరుగారి యంత్రం చల్లబడుతూ చల్లబడుతూ నాలుగు అంకె దగ్గర మొరాయించింది. మేస్త్రి కింద కూర్చుని బోల్టులు విప్పుతుంటే ఫోన్ మోగింది. భుజాన గుడ్డ ఉన్నా తుడుచుకోకుండా, చేతులకు గ్రీజుందని మోచేత్తో స్పీకరు నొక్కాడు. "మేస్త్రిగారూ, మాది మళ్ళీ అదే నాలుగు దగ్గర ఆగింది. ఆ ప్రొఫెసరుగారి ల్యాబువాళ్ళకి మాత్రం చెప్పకండి, పరువు పోతుంది," అంది పక్క ఊరి ల్యాబు మేడం. పక్కనే నిలబడ్డ ప్రొఫెసరు ఫోన్ మీదికి వంగాడు. "మాదీ అక్కడే ఆగిందమ్మా." ఆ తర్వాత గంటసేపు ఫోన్ మేస్త్రికి దక్కలేదు. లోపం సగం ఆవిడకి తెలుసు, సగం ఈయనకి తెలుసు. ఫోన్ తిరిగిస్తూ ప్రొఫెసరు, "ఇద్దరికీ ఒకే అబద్ధం చెప్పి ఆడించావు కదయ్యా!" అన్నాడు. "ఇద్దరిదీ ఒక్కచోటే ఆగిందిగా సార్, అబద్ధమెక్కడుంది?" అంటూ మేస్త్రి అప్పుడు తీరిగ్గా గుడ్డ తీసి చేతులు తుడుచుకున్నాడు.