వెదురుపుల్ల మీది రెండో గీత

సూర్యాపేటలో అందరూ తుపాకులకు భయపడుతున్న రోజుల్లో నేను ఒక వెదురుపుల్లకు భయపడ్డాను. నేను నర్సు పని నేర్చుకుంటున్న మిషను దవాఖానలో కరెంటు పని చూసే పెద్దాయనది ఆ పుల్ల. ఆయన ఎడమచేతికి రెండు వేళ్లు లేవు. ఎందుకని అడిగే ధైర్యం నాకు లేదు.

పుల్ల మీద రెండు గీతలుండేవి. ఎక్స్‌రే తీగకూ దగ్గరున్న ఇనుముకూ మధ్య మొదటి గీతంత ఎడం ఉందని కొలిచాకే స్విచ్చి వేసేవాడు.

కీళ్లనొప్పులకు కరెంటుతో కాపడం పెట్టే యంత్రం మా దవాఖానకు కొత్తగా వచ్చింది. మొదటి రోగి మా అమ్మ. ఆయన కరెంటు ఇంజను గదిలో ఉండగా నేనే ఆ యంత్రం తీగ నుంచి మొదటి గీతంత ఎడం కొలిచి, ఇనుప మంచం జరిపి, అమ్మను పడుకోబెట్టాను.

ఆయన వస్తూనే గుమ్మంలో ఆగిపోయాడు. "అమ్మను లేపు బిడ్డా."

"ఎక్స్‌రేకు, దీనికి వోల్టేజి ఒకటే అన్నరు గద తాతా?"

"ఒకటే. గని ఎక్స్‌రే కరెంటు మెల్లగ ఊగుతది. ఇది సెకనుకు లక్షలసార్లు ఊగుతది. గాలికి దీన్ని ఆపతరం కాదు. ఇంకింత దూరం దుంకుతది. పట్నంల ఇసొంటి దాని కాడ పనిజేసినప్పుడే రెండో గీత గీసిన."

అమ్మను బయటికి పంపి, ఖాళీ మంచం అక్కడే ఉంచి స్విచ్చి వేశాడు. ఫెళ్లుమని నీలిమంట దూకి, అమ్మ తల ఆనించిన కడ్డీని కరిచింది.

ఆయన స్విచ్చి తీసేశాడు.

"మొదటి గీత డాక్టరుదొర కొలిసి చెప్పిండు," అన్నాడు, పుల్లను నా చేతిలో పెడుతూ. "రెండోది నా వేళ్లు చెప్పినయ్."